పెద్దయ్యగారి కుర్చీ

మా మందిరంలో వేదిక మీద ఎవరూ కూర్చోని కుర్చీ ఒకటి ఉంది. మా సంఘాన్ని మొదలుపెట్టిన పెద్దయ్యగారు పదహారేళ్లు అందులో కూర్చునే ప్రార్థన చేశారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. కుర్చీ మాత్రం అక్కడే ఉంది. దానికి ఎర్ర మఖమల్ తొడుగు, ముందు ఒక తాడు, పక్కన పూలకుండీ. ఆయన కొడుకు చిన్నయ్యగారు ఇప్పుడు వాక్యం చెబుతారు, నిలబడే చెబుతారు. మా అత్తయ్య రోజూ పొద్దున్నే వెళ్లి ఆ కుర్చీని తుడుస్తుంది. తుడిచిన గుడ్డను వేరే గుడ్డలతో కలిపి ఉతకదు. వీధిలో అందరూ ఆమెను వెనకాల కుర్చీ అమ్మగారు అంటారు. ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు.

జబ్బుపడ్డవాళ్ల బట్ట ఒకటి తెచ్చి ఆ కుర్చీలో పెట్టడం మా సంఘంలో అలవాటు. నలభై రోజులు ఉంచాలి. ఆ నలభై రోజులూ రెండు నియమాలు. వైద్యం జోలికి పోకూడదు. జబ్బు అప్పటికే నయమైపోయినట్టు ఇంట్లో అందరూ మసలాలి. ఎవరైనా అనుమానం చూపించారో, రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి.

ఆ కుర్చీలో నా కూతురి గౌను నేనే పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఇక మీదట అందరినీ తిట్టబోతున్నాను కాబట్టి.

గువ్వకు ఇరవై నెలలు. ఏడో నెలలో పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఏ చప్పుడుకీ అది తల తిప్పడం మానేసింది. మొదట నాకు అంతుపట్టలేదు. మాది పాత కుర్చీలు, సోఫాలు బాగుచేసే దుకాణం. మా ఆయన చెక్కపని చేస్తాడు, నేను మిషన్ మీద తొడుగులు కుడతాను. రోజంతా సుత్తి దెబ్బలే. పిల్లకి చప్పుడు అలవాటైపోయిందని మురిసిపోయాను కూడా. ఒకరోజు దాని వెనక నిలబడి ఇనప మూత నేలకేసి కొట్టాను. పక్క దుకాణం వాళ్లు వచ్చి ఏమైందని అడిగారు. గువ్వ మాత్రం స్పాంజి ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూనే ఉంది.

"మీ ఆయన మూడేళ్లకి గానీ నోరు విప్పలేదు," అంది అత్తయ్య.

"ఇప్పుడు మాత్రం ఏం విప్పుతున్నారు," అన్నాను. మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన అన్నిటికీ అంతే. నవ్వుతాడు, ఊరుకుంటాడు.

చెవుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ పరీక్షలు చేసే అమ్మాయి నాకంటే చిన్నది. గువ్వ వెనక గంట మోగించింది, తర్వాత డోలు, తర్వాత ఇంకేదో పెట్టె. ప్రతిసారీ కాగితం మీద ఏదో రాసుకుంది. "పిల్లను నిద్రపుచ్చి చేసే పరీక్ష ఒకటుంది అక్కా. రెండు వారాల తర్వాత తేదీ ఇస్తున్నా, తప్పొద్దు. ఈ వయసులో బుర్ర మాటల కోసం తలుపు తీసుకుని కూర్చుంటుంది. ఎంతకీ ఎవరూ రాకపోతే మూసేసుకుంటుంది. మళ్లీ తెరిపించడం మన వల్ల కాదు," అంది.

ఆ తలుపు మాట నా గుండెల్లో రాయిలా పడింది. భయం వేస్తే మనిషి ఎక్కడికి పరుగెత్తాలో అక్కడికి పరుగెత్తడు, అలవాటైన చోటికి పరుగెత్తుతాడు. నేను మందిరానికి పరుగెత్తాను. గువ్వ నీలం గౌను ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి కుర్చీలో పెట్టాను. అత్తయ్య నా తల మీద చెయ్యి వేసి ఏడ్చింది. పెళ్లయి వచ్చాక ఆమె నన్ను అంత ప్రేమగా తాకడం అదే మొదటిసారి. ఆసుపత్రి వాళ్లిచ్చిన తేదీ తొమ్మిదో రోజున వచ్చింది, వెళ్లిపోయింది.

ఇక కుర్చీ సంగతి. అది పెద్దయ్యగారి కుర్చీ కాదు.

గువ్వ కడుపులో ఉన్నప్పుడు ఒకరోజు అత్తయ్య మందిరం నుంచి చెమటలు కక్కుతూ వచ్చింది. తుడుస్తుంటే కుర్చీ కాలు ఊడి గుడ్డతో పాటు చేతిలోకొచ్చిందట. మా ఆయన దాన్ని చాప కప్పి తోపుడుబండి మీద దుకాణానికి తెచ్చాడు. తొడుగు విప్పితే లోపలంతా చెదలు. వెన్నుపలక నొక్కితే వేలు దిగబడింది.

"ఇది బాగయ్యేది కాదమ్మా," అన్నాడు.

"అయితే కొత్తది చెయ్యి. కానీ పాతదే అయ్యుండాలి," అంది అత్తయ్య.

యంత్రాలు సర్దుకొచ్చిన పెద్ద పెట్టె చెక్కలు దుకాణంలో పడున్నాయి. వాటితోనే చేశాడు. చిత్రిక పట్టి, నున్నగా రుద్ది, టీ డికాక్షన్ పూసి పాత రంగు తెచ్చాడు. కూర్చునే పలక మీద 'ఈ వైపు పైకి' అన్న అచ్చూ బాణం గుర్తూ ఎంత గీకినా పోలేదు. అచ్చు అడుక్కి పోయేలా తిరగేసి బిగించేశాడు. ఎర్ర తొడుగు నేను కుట్టాను. పెద్దయ్యగారు నిజంగా కూర్చున్న కుర్చీని ముక్కలు చేసి దుకాణం వెనక పొయ్యిలో పెట్టి నీళ్లు కాచుకుని స్నానం చేశాను. చెదలు తిన్న చెక్క కదా, కాగితంలా భగ్గున మండింది. మర్నాడు ఆదివారం. మా ముందు వరసలో ఒకావిడ పక్కామెతో అంటోంది, "చూశావా వదినా, ఆయన పోయినా కుర్చీలో కళ తగ్గలేదు." మగవాళ్ల వైపు నుంచి అది విన్న మా ఆయన తల వంచుకుని నవ్వాపుకున్నాడు. నేను దగ్గు వచ్చినట్టు నటించాను. అప్పట్లో అది మాకు నవ్వులాట.

ఇంత తెలిసీ గౌను ఎలా పెట్టావని అడుగుతారు. నన్ను నేను రోజూ అడుగుతున్నాను. నా చేతులకు తెలుసు. నా భయానికి తెలియదు, అంతే.

వైద్యం మానడం తేలిక, వెళ్లకుండా కూర్చోవడమే. రెండో నియమం దగ్గరే నా ప్రాణం పోయింది. గువ్వకు మాటలు లేకపోయినా మా ఇద్దరికీ ఒక భాష ఉండేది. సగం నేను చెప్పినవి, సగం అది కనిపెట్టినవి. గొంతు మీద రెండు వేళ్లు పెడితే నీళ్లు. పిడికిలి మీద పిడికిలి కొడితే నాన్న. చేత్తో గాల్లో మిషన్ చక్రం తిప్పితే నేను. అరచేత్తో గాలిని అటూ ఇటూ తుడిస్తే నానమ్మ. అది తుడవడం మొదటిసారి చూసినప్పుడు మా ఆయన కుర్చీలోంచి కింద పడేలా నవ్వాడు.

గౌను పెట్టిన రోజే అత్తయ్య అంది, "ఇక ఆ చేతులాటలు కట్టిపెట్టు. సైగ చేశావంటే అది చెవిటిదని నువ్వే ఒప్పుకున్నట్టు. మాట వినపడుతున్నట్టే మాట్లాడు. సైగతో అడిగితే ఇవ్వకు. నోటితో అడుగుతుంది, చూడు."

నేను విన్నాను. గువ్వ గొంతు మీద వేళ్లు పెట్టి అడిగితే మొహం తిప్పుకున్నాను. వేళకు నీళ్లు నేనే తాగించేదాన్ని, కానీ అడిగితే ఇవ్వలేదు. అది నా రెండు చేతులూ పట్టుకుని లాగి, నా వేళ్లను నా గొంతు మీద పెట్టబోయేది, అమ్మ మర్చిపోయిందనుకుని గుర్తుచేయడానికి. నేను చేతులు వెనక్కి కట్టుకునేదాన్ని. మొదటి వారం అది కింద పడి దొర్లింది. రెండో వారం నన్ను గిల్లింది. తర్వాత నా దగ్గరికి రావడం తగ్గించింది. ఇరవయ్యో రోజుకి గొడవ లేదు, ఏడుపు లేదు, గొంతులోంచి ఏ చప్పుడూ లేదు. అంతకు ముందు కనీసం కూతలు కూసేది.

"చూశావా, పిల్లలో శాంతి వచ్చింది. పని మొదలైంది," అంది అత్తయ్య.

నేనూ తలూపాను. ఆ తల ఊపడం గుర్తొస్తే ఇప్పటికీ గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ముప్పైమూడో రోజు మధ్యాహ్నం నేను మిషన్ మీద సోఫా దిండు తొడుగు కుడుతున్నాను. మా ఆయన వీధిలో బండి మీదికి కుర్చీలు ఎక్కిస్తున్నాడు. నాలుగడుగుల దూరంలో, నీళ్ల బిందె పక్కనే గువ్వ కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. బిందె మీద మూత ఉంది, మూత మీద గ్లాసు ఉంది, దానికి అందదు. లేచి చక్కగా నడుచుకుంటూ పోయి, జిగురు బ్రష్షులు నానబెట్టిన డబ్బా రెండు చేతులతో ఎత్తి తాగేసింది.

డబ్బా లాక్కున్నాను. గడ్డం నిండా తెల్లటి జిగురు నీళ్లు. వేలు పెట్టి కక్కించాను. కక్కింది, మళ్లీ కక్కింది. కళ్లు ఎర్రబడ్డాయి గానీ ఏడవలేదు. నా ఒళ్లో ఉండి కూడా నా భుజం మీదుగా ఎటో చూస్తోంది. తల్లి పక్కనే ఉండగా పిల్ల దాహానికి జిగురు నీళ్లు తాగింది. అడిగి లాభం లేదని ముప్పైమూడు రోజుల్లో నేర్చుకుంది. నేనే నేర్పాను.

అత్తయ్య వచ్చింది. విషయం చెప్పాను.

"వాంతయింది కదా, మంచిదే. లోపల ఉన్నది బయటికి పోతోంది. ఇంక వారం రోజులు. ఇప్పుడు తొందరపడి పాడు చేసుకోకు."

"లోపలున్నది జిగురు అత్తయ్యా."

"నోరు తిరుగుతోందే నీకు."

"నాకైనా తిరుగుతోంది," అన్నాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో తాడు ఉంది. దాన్ని చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. "ఏమండీ, మీరేమంటారు?" అని అడిగాను.

"ఏడు రోజులే కదా అంటోంది అమ్మ," అన్నాడు.

ఎనిమిదిలో బడి మానేసిన దాన్ని, నాకు పెద్ద పెద్ద విషయాలు తెలియవు. కానీ చిన్నప్పుడు ఆదివారం బడిలో మాకు చెప్పిన టీచరమ్మ ఒకావిడ ఉండేది. ఆమె ఒక మట్టి బొమ్మను బల్ల మీద పెట్టి, "దీనికి చెవులున్నాయి, పిలవండి. నోరుంది, పలకమనండి," అనేది. మేం గోల గోలగా పిలిచేవాళ్లం. "పలకదు. అది దాని తప్పు కాదు. కానీ దాన్ని నమ్ముకున్నవాళ్లు మెల్లగా దానిలాగే అయిపోతారు. అదీ దేవుడు చెప్పిన శిక్ష. పిడుగు పడడం కాదు," అనేది. ఆ మాట ఎప్పుడూ ఎవరో బయటివాళ్లకి అనుకునేవాళ్లం. గుమ్మంలో తాడు చుడుతున్న మొగుడిని చూశాను. నోరుంది, పలకడు. అత్తయ్యను చూశాను. చెవులున్నాయి, వినదు. నా చేతులు చూసుకున్నాను. ముప్పైమూడు రోజులు నా బిడ్డ వాటిని లాగింది. అవి కదల్లేదు.

మా ఇంట్లో చెవిటిది గువ్వ ఒక్కతే కాదు. అది ఒక్కతే దేవుడు చేసిన మనిషిలా మిగిలింది, మిగతా ముగ్గురం మా ఆయన చేసిన కుర్చీలా తయారయ్యాం.

రెండు రోజుల తర్వాత ఆదివారం. మందిరం నిండిపోయింది. నేను గువ్వను ఎత్తుకుని ఆడవాళ్ల వైపు రెండో వరసలో కూర్చున్నాను. ఆ రోజు చిన్నయ్యగారి వాక్యం, చెబితే నమ్మరు, బంగారు దూడ మీద. కొండ కింద జనం నగలు కరిగించి దూడ పోసుకుని దాని చుట్టూ గంతులు వేశారని చెప్పి, "మీ ఇళ్లల్లో దూడలు లేవా?" అని అడిగారు. "మీ ఫోను ఒక దూడ. మీ టీవీ ఒక దూడ. మీ క్రికెట్టు, మీ చీరల బీరువా."

జనం నవ్వారు, తలలూపారు. ఒకాయన ఫోను జేబులో ఇంకా లోపలికి తోసుకున్నాడు. చిన్నయ్యగారు అలా మాట్లాడుతూ అలవాటుగా వెనక్కి జరిగి, ఎడమ చెయ్యి కుర్చీ వెన్ను మీద ఆనించారు, బలం కోసం. అందులో నా బిడ్డ గౌను.

నేను లేచాను. లేవాలని ముందుగా అనుకోలేదు. తాడు దాటాను. నీలం గౌను తీసి భుజం మీద వేసుకున్నాను. గువ్వను ఒళ్లో పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను.

చిన్నయ్యగారి చెయ్యి ఇంకా నా తల వెనకే ఉంది. కాలినట్టు తీసేసుకున్నారు.

"లే అమ్మాయ్," అంది అత్తయ్య, వేదిక కింద నుంచి. గొంతు చాలా మెల్లగా ఉంది.

"ఎందుకు అత్తయ్యా? కాలు నొప్పిగా ఉంది. కుర్చీ అన్నది కూర్చోడానికే కదా."

"చెల్లెమ్మా," అన్నారు చిన్నయ్యగారు, "నీ బాధ అర్థం చేసుకోగలను. దిగు, ప్రార్థన చేద్దాం. ఇది నాన్నగారు ముప్పూటలా ప్రార్థన చేసిన..."

"నాన్నగారి కుర్చీ చెదలు తినేసింది అయ్యగారూ. దాన్ని పొయ్యిలో పెట్టి నీళ్లు కాచుకున్నాను. ఇది మా ఆయన చేశాడు, పెట్టె చెక్కతో. తొడుగు నేను కుట్టాను, మీరు పట్టుకున్న చోట కుట్టు కొంచెం వంకర పోయింది, చూసుకోండి."

జనంలో ఒక కదలిక, గాలికి పేపరు కదిలినట్టు. అత్తయ్య వాళ్ల వైపు తిరిగింది. "పిల్ల బెంగతో మతి చలించింది దానికి. అబద్ధం. ఒరేయ్, నువ్వు లేచి చెప్పరా."

మా ఆయన మగవాళ్ల వైపు మూడో వరసలో ఉన్నాడు. లేచాడు. ఆ మనిషిని నేను ఐదేళ్లుగా ఎరుగుదును. ఎంత నున్నటి చెక్కనైనా తాకి ముడి ఎక్కడుందో చెప్పగలడు. అలాంటి వాడు అందరి ముందు నిలబడి, అమ్మను చూసి, నన్ను చూసి, నేల చూపు చూశాడు. నోరు తెరిచాడు, మళ్లీ మూసేశాడు. కూర్చున్నాడు.

నేను లేచి గువ్వను చంకకెత్తుకుని, ఒంటి చేత్తో కుర్చీని వెల్లకిలా తోసేశాను. పెట్టె చెక్క కదా, తేలిగ్గానే పడింది. పలక అడుగు అందరికీ కనిపించేలా కాళ్లు జనం వైపు తిరిగాయి. నల్ల రంగులో బాణం. 'ఈ వైపు పైకి.'

అయిపోయిందనుకున్నాను. ఇంక ఎవరూ ఏమీ అనలేరనుకున్నాను. వెర్రిదాన్ని.

గడియారాలు బాగుచేసే తాత ముందు వరసలో ఉంటాడు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, వంగి, మెల్లగా చదివాడు. కాసేపు అలాగే చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"బాణం పైకి చూపిస్తోందమ్మా," అన్నాడు. "పెద్దయ్యగారు ఎక్కడున్నారో చెబుతోంది."

వెనక ఎవరో స్తోత్రం అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. ఒకావిడ కొంగుతో కళ్లొత్తుకుంటూ ముందుకొచ్చి ఆ బాణాన్ని వేళ్లతో తాకింది. చిన్నయ్యగారు నా వైపు చూశారు. నా మాట నిజమని ఆయనకు తెలుసు, అది నాకు అర్థమైంది. ఆ క్షణం ఒక మాట అంటే చాలు. ఆయన జనాన్ని చూశారు, కళ్లు మూసుకున్నారు, చేతులెత్తి పాట అందుకున్నారు.

పాట హోరు మధ్య నేను గువ్వను ఎత్తుకుని బయటికి నడిచాను. గువ్వ వెనక్కి తిరిగి చూడలేదు. దానికి ఆ హోరు అంటలేదు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాను. పాత తేదీ దాటిపోయిందని గుమ్మం దగ్గరి మనిషి పంపించేయబోతే అక్కడే నేల మీద కూర్చున్నాను. ఆ పరీక్షల అమ్మాయే బయటికొచ్చి నన్ను గుర్తుపట్టింది. "ఎందుకు రాలేదక్కా?" అంది. ఏం చెప్పను? "కుర్చీలో ఇరుక్కుపోయాం," అన్నాను. ఆమెకు అర్థం కాలేదు, అడగలేదు కూడా. గువ్వకు నిద్రమందు తాగించి, నుదుటి మీదా చెవుల వెనకా తీగలు అంటించి, చీకటి గదిలో పడుకోబెట్టారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.

దేవుడు రోషం గలవాడని మాకు నేర్పారు. చిన్నప్పుడు ఆ మాట నాకు నచ్చేది కాదు. అంత పెద్ద దేవుడికి ఒక బొమ్మ మీద కుళ్లేమిటి అనుకునేదాన్ని. ఆ బెంచీ మీద అర్థమైంది. నా బిడ్డ దాహంతో జిగురు డబ్బా ఎత్తుకున్నప్పుడు నాకు ఆ డబ్బా మీద కుళ్లు పుట్టిందా? ఒళ్లు మండింది. నీళ్లు ఇవ్వగలిగిన దాన్ని నేను పక్కనే ఉండగా అది పోయి ఆ జిగురు తాగిందే అని. దేవుడి మంటా అదే అయ్యుంటుంది. కాకపోతే ఆయన చేతులు వెనక్కి కట్టుకోలేదు. కట్టుకున్నది నేను, అదీ ఆయన పేరు చెప్పి.

తండ్రుల దోషం పిల్లల మీదికి వస్తుందని కూడా చెబుతారు. గువ్వ చెవిటిదైతే మా పాపమేనని సంఘంలో ఇద్దరు ముగ్గురు నా మొహానే అన్నారు. అది జ్వరం వల్ల వచ్చింది, ఎవరి పాపమూ కాదు. కానీ ఆ ముప్పైమూడు రోజులు జ్వరం వల్ల రాలేదు. అవి మా దోషమే, బిడ్డ మీదికే వచ్చాయి. ఆ మాటకు ఇంతకంటే వేరే అర్థం వెతకను.

పన్నెండింటికి మా ఆయన వచ్చాడు. చొక్కా నిండా రంపంపొట్టు. పక్కన కూర్చోలేదు, ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పేశాను," అన్నాడు.

"ఎవరికి?"

"అమ్మకి. పొద్దున మందిరంలో నలుగురైదుగురున్నారు, వాళ్ల ముందే. అది నేను చేసిందే, పెట్టె చెక్కతో, అని."

"ఏమంది?"

ఆయన చేతులు చూసుకున్నాడు. "నీ చేతుల ద్వారా పెద్దయ్యగారే చేయించుకున్నారురా అంది. గడియారాల తాత నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఇంకొకామె వాళ్లాయన చొక్కా తెచ్చింది, నా చేత్తో కుర్చీలో పెట్టమని."

"పెట్టారా?"

"లేదు. పారిపోయి వచ్చాను."

"నిన్న నోరు విప్పుంటే?"

"నిన్నా ఇదే జరిగేదేమో."

"జరగనీ. మీరు మాట్లాడేవాళ్లు. నా మొగుడికి నోరుందని నాకు తెలిసేది."

ఈసారి ఆయన నవ్వి ఊరుకోలేదు. వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. మా మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఉంది. నేను జరగలేదు.

పరీక్ష అయింది. ఆ అమ్మాయి మాకు గీతల కాగితం చూపించి వివరంగా చెప్పింది. చాలావరకు పోయింది. కొంచెం మిగిలింది. ముందు చెవి మిషన్లు పెట్టి చూడాలి, చాలకపోతే ఆపరేషన్. అంత జ్వరం వచ్చిన చెవుల్లో ఆలస్యం అయ్యేకొద్దీ ఆపరేషన్ కూడా కష్టమవుతుంది. "పోయిన నెల రోజులు?" అని అడిగాను. ఆమె సూటిగా చెప్పలేదు. "పోయినవి పోయాయక్కా. ఇవాళే కొలత తీసుకుందాం," అంది. సైగలు మానేశామని చెబితే మాత్రం పెన్ను కింద పెట్టేసింది. "అవి దాని మాటలు కదక్కా. ఎవరు మానమన్నారు?"

నేను మా ఆయన వైపు చూడలేదు. "నేనే మానేశాను," అన్నాను.

చెవి కొలత అంటే, చెవిలో మెత్తటి పిండిలాంటిది పిచికారీతో నింపి గట్టిపడేదాకా కదలకుండా ఉంచాలి. గువ్వ అప్పుడే మత్తు వదిలి లేచింది. నా ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నా గుండెకేసి అదిమి పట్టుకున్నాను. మా ఆయన కాళ్లు పట్టుకున్నాడు. చల్లటి ముద్ద చెవిలోకి పోగానే దాని ఒళ్లంతా బిగుసుకుంది. రెండు వారాలుగా నా చేతిలో ఎలా పెడితే అలా ఉన్న పిల్ల, తన్నింది. మా ఆయన దవడకు తగిలింది. తల విదిలించింది. తర్వాత నోరు తెరిచి అరిచింది.

నేను అలాంటి అరుపు వినలేదు. కడుపులోంచి, బొంగురుగా, ఆగకుండా. గదిలో అద్దాలు అదిరాయి. పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు. అరుస్తూనే నా మణికట్టు అందుకుని కొరికింది. పాలపళ్లు చర్మంలోకి దిగాయి. అప్పుడు నా కళ్లల్లోకి చూసింది, ఎన్ని రోజులకో. ఆ చూపులో నా మీద ఉన్నది కోపం, చెక్కలో ఎక్కడా ఉండని కోపం.

"చెయ్యి తీసుకోండక్కా, రక్తం వస్తోంది," అంది ఆ అమ్మాయి.

"పట్టుకునే ఉంటా, మీరు కానివ్వండి," అన్నాను. మా ఆయన తల వంచుకుని గువ్వ కాళ్లు పట్టుకుని, పైకి వినపడేలా ఏడుస్తున్నాడు.

చెయ్యి తీయలేదు. కొరకవే, అన్నాను దానితో, మొహంలో మొహం పెట్టి, పెదాలు బాగా కదిలేలా. కొరుకు.